లోపల వదిలిన గుడ్డ

మా చెల్లెలు పోయింది. బాపట్లలో తన ఇంట్లోనే, మధ్యాహ్నం నమాజు చేసుకుని నడుం వాల్చింది, మళ్లీ లేవలేదు. దాని భర్త, మా మరిది, తెనాలిలో ఉన్న అక్కనైన నాకు ఫోను చేసి, "ఆపా, మీరు రండి" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. ఆ గొంతులోనే తెలిసింది. ఇన్నాలిల్లాహి అనుకుని, ఇంటికి తాళం వేసి స్టేషనుకి నడిచాను.

రైల్లో కూర్చున్నంతసేపూ ఒక మామూలు సోమవారం ఉదయం గుర్తొస్తూ ఉంది. నేను ముందురోజే వాళ్లింటికి వెళ్లి ఉన్నాను. ఫజర్ నమాజు అయ్యాక వాకిలి దగ్గర కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంటున్నాను. చెల్లి సేమ్యా ఉప్మా చేసింది. కూతురికి జడలు వేసి, దాని చెవి మిషనులో బ్యాటరీ మార్చి, ఎదురుగా నిలబడి "వినపడిందా?" అంది. ఆ పిల్ల తలాడించి, అంత అరవక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపింది. మరిది వాచీల కొట్టు తాళాల కోసం ఇల్లంతా వెతికాడు. అవి ఆయన జేబులోనే ఉన్నాయి. తండ్రీకూతుళ్లు వెళ్లిపోయాక చెల్లి చేతులు తుడుచుకుని, కంప్యూటరు మీది గుడ్డ కవరు తీసి, మడతపెట్టి, బిస్మిల్లా అని స్విచ్చి వేసింది.

"ఇవాళేం పని?" అన్నాను.

"సోమవారం కదా ఆపా. కొలతలు."

ఆ మాట ఎందుకందో చెప్పాలి. వాళ్ల పిల్లకి పుట్టుకతో సరిగ్గా వినపడదు. అలాంటి పిల్లల తల్లులు ఇంటర్నెట్టులో ఒకచోట చేరి మాట్లాడుకునే గ్రూపును హైదరాబాదులో ఒక సంస్థ నడిపేది. చెల్లి మొదట తన గోడు రాసుకోవడానికే అక్కడికి వెళ్లింది. కొన్నాళ్లకు ఆ గ్రూపును చూసుకునే ఉద్యోగం దానికే ఇచ్చారు. ఇంట్లో కూర్చుని చేసే పని. కొత్తవాళ్లని పలకరించాలి, అడిగినవాటికి జవాబు దొరికేలా చూడాలి, మాటామాటా పెరిగితే సర్దాలి. తెలుగు మాటల్నే ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టేవాళ్లు. ఒకరు కువైట్ నుంచి రాస్తే ఇంకొకరు చేబ్రోలు నుంచి.

ఇంట్లో చేసే పనికి తలుపులుండవని మొదటి ఏడాదిలోనే తెలిసింది. అన్నం వడ్డిస్తూ మధ్యలో లేచేది. నమాజు చివర సలాం చెప్పగానే కుర్చీలో ఉండేది. అప్పట్లో నెట్టు పెడితే ఇంటి ఫోను పలికేది కాదు. "కలెక్టరుకైనా ఫోను దొరుకుతుందేమో గానీ మా ఆవిడకి దొరకదు" అని మరిది అందరి ముందూ అనేవాడు. ఒకరోజు బడిలో పిల్ల ఎండకి కళ్లు తిరిగి పడింది. టీచరు ఎన్నిసార్లు చేసినా ఫోను ఎంగేజే. చివరికి ప్యూను సైకిలు మీద కొట్టుకి వెళ్లి చెప్పాడు. పిల్ల సాయంత్రానికి తేరుకుంది. మరిది తేరుకోలేదు.

"ఊళ్లో పిల్లలందరికీ తల్లివి. నీ పిల్లకి మాత్రం ఎంగేజ్ టోనువి. మానెయ్" అన్నాడు.

మర్నాడు చెల్లి తెనాలి వచ్చింది. "మానెయ్యనా ఆపా? నేను మానేస్తే వాళ్లకెవరున్నారు? మానకపోతే ఇంట్లో నేనెక్కడున్నాను?" అని అడిగింది. నాకు కంప్యూటరు సంగతి తెలియదు. దారి చూపమని అడిగే నమాజు ఒకటుంది, అది చేసుకోమన్నాను. చేసుకుంది. ఆ తర్వాత చాలాసేపు, మా ఇంట్లోనే ఉన్న నాన్న కుట్టుమిషను ముందు కూర్చుంది. 

మా నాన్న దర్జీ. ఆయన వారానికి ఒక పద్ధతి ఉండేది. కొలతలు తీసుకునే రోజు వేరు, కత్తిరించే రోజు వేరు, కుట్టే రోజులు వేరు. "కత్తెర పట్టిన రోజు సూది ముట్టుకోకండి, రెండూ చెడతాయి" అనేవాడు. గురువారం పొద్దుగూకి మగ్రిబ్ వేళయ్యేసరికి మిషను మీద కవరు కప్పితే శుక్రవారం సాయంత్రం దాకా తీసేవాడు కాదు. పెళ్లివారు వచ్చి వాకిట్లో కూర్చున్నా అంతే. పిల్లల బట్టలకి మాత్రం లోపల నాలుగు వేళ్ల గుడ్డ మడిచి వదిలేవాడు. "పిల్ల పెరుగుతుంది, గుడ్డ పెరగదు. మనమే వదలాలి" అనేవాడు.

చెల్లి ఆ మిషను దగ్గర నుంచి లేచేసరికి దాని వారం తయారైంది. సోమవారం కొత్తవాళ్ల సంగతులు అడిగి తెలుసుకోవడం, అదే కొలతలు. పల్లెల నుంచి నెట్ సెంటర్లకి వచ్చేవాళ్లకి వీలైన రోజు మంగళవారం, వాళ్లతో ఆ రోజంతా. గొడవలన్నీ శనివారానికి. "అది ఆల్ట్రేషన్ ఆపా. కోపంలో కుడితే మళ్లీ అక్కడే పిగులుతుంది" అనేది. ఆదివారం అందరికీ తీరిక కాబట్టి తను కూర్చునేది. గురువారం సాయంత్రం కవరు, శుక్రవారం సెలవు. ఏ రోజైనా పిల్ల బడిలో ఉన్నంతసేపు మధ్యమధ్య నెట్టు ఆపి ఫోను ఖాళీగా వదిలిపెట్టేది. బుధవారం మధ్యాహ్నం మాత్రం ఏ పనీ పెట్టుకోలేదు.

"అదేంటి, మర్చిపోయావా?" అన్నాను.

"అది లోపల వదిలిన గుడ్డ" అంది.

హైదరాబాదు నుంచి ఆ సంస్థ సారు ఫోను చేశాడు. "శుక్రవారం మీరు కనబడట్లేదేంటండి?" 

"ఆదివారం మీరు కనబడరు కదండి, ఆ రోజు నేనుంటాను" అంది. ఆయన నవ్వి ఊరుకున్నాడట.

నాకే మనసొప్పలేదు. శుక్రవారం ఎవరైనా ఏడుస్తూ రాస్తే ఎట్లా అన్నాను. "ఇంకొకరు చూస్తారు ఆపా. అన్నిటికీ నేనే ముందు పరిగెత్తుకెళ్లి జవాబు చెప్తుంటే, వాళ్లు నన్నే చూస్తున్నారు. ఒకరినొకరు చూసుకోవట్లేదు" అంది. అన్నది గానీ, మొదట్లో శుక్రవారాలు ఆ కుర్చీ చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో నేను చూశాను.

ఒక బుధవారం చెప్పాపెట్టకుండా తెనాలిలో దిగి, "పద ఆపా, రేపల్లె పోదాం" అంది. నిజాంపట్నం వైపు నుంచి ప్రతి మంగళవారం రేపల్లె నెట్ సెంటర్‌కి వచ్చి రాసే ఒక తల్లి కొన్ని వారాలుగా రాయడం లేదట. ప్యాసింజర్‌లో వెళ్లాం. నెట్ సెంటర్ వాళ్లు చెప్పిన గుర్తులతో ఇల్లు పట్టుకున్నాం. ఎండుచేపల గంపలు సర్దుతున్న ఆమె మమ్మల్ని చూసి నిలబడిపోయింది. వాళ్ల పాపని తోటిపిల్లలు వెక్కిరిస్తున్నారని చెవి మిషను తీసి డబ్బాలో పెట్టేశారు. 

చెల్లి హితబోధేమీ చెయ్యలేదు. ఆ పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "మా అమ్మాయిదీ ఇట్లాంటిదే. దానికి పూసలు గుచ్చి కట్టాను. ఇప్పుడు వెక్కిరించేవాళ్లే అడిగి చూస్తున్నారు" అంది. ఆమె మిషను బయటికి తీసింది. మేం టీ తాగి వచ్చేశాం. తిరుగు రైల్లో చెల్లి నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

తర్వాత బ్రాడ్‌బ్యాండు వచ్చింది. ఫోను సంగతి తీరింది. అయినా దాని వారం మారలేదు. హైదరాబాదు వాళ్లు పెద్ద మానిటరు పంపితే, కొత్త కవరు కుట్టుకోమన్నాను. "ఎందుకు, లోపల గుడ్డ వదిలాను కదా" అని అంచు విప్పింది. ఎండకి వెలిసిన నీలం కింద, లోపలి ముదురు నీలం ఒక పట్టీలాగా బయటపడింది. పాత కుట్టు గీత అట్లాగే ఉండిపోయింది.

మూడో రోజు చేసే జియారత్ గురువారం నాడు పడింది. ఫాతెహా చదవడం అయ్యి, వచ్చినవాళ్లు వెళ్లాక మరిది అన్నాడు: "ఆ పని హైదరాబాదు వాళ్లకి అప్పజెప్పేద్దాం ఆపా. కంప్యూటరు అమ్మేస్తాను. ఖాళీ కుర్చీ చూడలేకపోతున్నాను."

అప్పజెప్పడమంటే మూసెయ్యడమే. ఇంకెవరినీ పెట్టేలా లేమని ఆ సారు ముందే చెప్పాడు. ఆ రేపల్లె తల్లి ఓ మూల కూర్చుని ఉంది, పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. మెల్లిగా అంది: "అన్నయ్యగారూ, ఒక్క మాటండి. అక్క పోయిన కాడి నుంచి గ్రూపులో మేం ఎవర్నీ వదల్లేదండి. శుక్రవారం మాలో మేం ఎట్లా చూసుకుంటామో అట్లాగే చూసుకుంటున్నాం. నిన్న కొత్తగా ఒకామె వచ్చింది. సోమవారం దాకా ఆగమ్మా, కొలతలు తీసుకుంటాం అని చెప్పామండి."

"మీకూ కొలతలేనా?" అన్నాడు మరిది. నవ్వబోయి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ ఏడుపు మంచిదే అనిపించి నేను కదల్లేదు. కూతురు వెళ్లి ఆయన పక్కన కూర్చుంది.

ఆ సాయంత్రం ఇంట్లో అనుకున్నది ఇది. కంప్యూటరు అమ్మం. సోమ, మంగళవారాలు రేపల్లె ఆమెవి. ఆదివారం మా పిల్లది. ఇప్పుడు ఇంటరు చదువుతోంది, వాళ్లమ్మ కంటే వేగంగా కొడుతుంది. శనివారం గొడవలు మరిదివి. వాచీలు విప్పే చెయ్యి కాబట్టి నిదానం ఉందని అందరం అన్నాం. నాకేమీ రాదు కనుక, గురువారం తెనాలి నుంచి వచ్చి కవరు కప్పే పని నాకిచ్చారు. మగ్రిబ్ అజాన్ అవుతుంటే వెళ్లి కప్పాను. ముదురు నీలం పట్టీ ముందుకి వచ్చింది.

బుధవారం మధ్యాహ్నాన్ని మాత్రం ఎవరూ అడగలేదు. అది ఎవరికీ ఇవ్వకూడదని అనుకున్నాం.