తొంభై తొమ్మిది దగ్గర ఆగిన పెళ్లి

పెళ్లి మూడు ముళ్లతో అయిపోతుందని పురోహితులు అనుకుంటారు గానీ, నేను జనగామలో ఫోటో స్టూడియోలో పనిచేసిన రోజుల్లో డీవీడీ చేతికొచ్చేదాకా ఏ పెళ్లీ అయినట్టు కాదు. స్టూడియో మా మేనమామది. డిగ్రీ తప్పి ఖాళీగా ఉన్న నన్ను తీసుకెళ్లి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. డిస్కులు రాసే సాఫ్ట్‌వేర్ ఎవరో ఉత్తపుణ్యానికి ఇచ్చిన దొంగ కాపీ (దానికి బుద్ధులూ అవే వచ్చాయి). తొంభై తొమ్మిది శాతం దాకా బుద్ధిగా పోయి, అక్కడ నిలబడి ఆలోచించి, ఇంగ్లీషులో క్షమాపణ చెప్పి, డిస్కును బయటికి నెట్టేసేది. బల్ల కదిలితే చెడిపోతుందని మామ ఎవరినీ నడవనిచ్చేవాడు కాదు, ఫ్యాన్ ఆపించేవాడు, చివరికి కంప్యూటర్ డబ్బాకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు. చెడిన డిస్కులను రైతులు పట్టుకెళ్లి జొన్న చేలల్లో వేలాడదీసేవారు. ఆ ఏడు పిట్టలు మా వల్ల చాలా ఇబ్బంది పడ్డాయి.

అప్పుడే నర్మెట్ట నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మేం బాపు అని పిలిచేవాళ్లం. బిడ్డ పెళ్లి నాడు ఆయన దవాఖానలో పడి ఉంటే, కన్యాదానం తమ్ముడు చేశాడట. ఆ పెళ్లి డిస్కు కోసమే ఆయన రాక. డిస్కు చెడినప్పుడల్లా తప్పు ఎక్కడుందో చూద్దామని నేను వీడియోను మొదటి నుంచి తెర మీద నడిపించేవాణ్ని. బాపు స్టూలు లాక్కుని నా వెనక కూర్చునేవాడు. అప్పగింతల దగ్గర తువ్వాలుతో కళ్లు ఒత్తుకుని, "గీ లైట్లు కండ్లల్ల పడుతున్నయ్ బిడ్డా" అనేవాడు. మళ్లీ తొంభై తొమ్మిది, మళ్లీ క్షమాపణ. "రేపు రా బాపు" అంటే, "గట్లనే వస్త, తొందరేముంది" అని లేచేవాడు. ఊరంతా తిడుతుంటే ఈయన ఒక్కడే తిట్టడేమిటని వింతగా ఉండేది. పాపం, మంచివాడు అనుకున్నాను, అంతకంటే బుర్ర పోలేదు.

ఆ మంచితనానికి సిగ్గేసి సాఫ్ట్‌వేర్ అంతు చూడాలనుకున్నాను. కంట్రోల్ ప్యానెల్‌లో తీసేస్తే, కంప్యూటర్ ఆన్ చేయగానే మళ్లీ పలకరించింది. గరికలాగా పైన కోస్తే వేరు కింద ఉంది. మిగిలిన ఫోల్డర్లన్నీ వెతికి పీకేశాను. ఈసారి డిస్కు డ్రైవే మాయమైంది (డబ్బాలో ఉంది, కంప్యూటరే ఒప్పుకోదు). "ఎలుక మీద కోపానికి ఇల్లు కాలవెట్టినవ్ గదరా" అన్నాడు మామ. మహబూబాబాద్‌లో కంప్యూటర్లు బాగుచేసే దోస్తుకు ఫోన్ చేస్తే నవ్వాడు. "అరే, గది పోతపోత డ్రైవ్ కాడ కావలి పెట్టి పోయింది. లోపల రిజిస్ట్రీ అని ఒక చిట్టా ఉంటది, అండ్ల రెండు లైన్లుంటయ్, చెప్త, జర పైలంగ తీసెయ్." తీశాను. డ్రైవ్ తిరిగొచ్చింది. చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, వేగం తగ్గించి పెడితే, వంద శాతం. మామ కొబ్బరికాయ కొట్టాడు.

"ఇగ నీకు తిరుగుడు తప్పింది బాపు" అని డిస్కు చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అయిపాయెనా?" అన్నాడు.

కొన్నాళ్లకు మళ్లీ వచ్చాడు. "గిది నడుస్తలేదు బిడ్డా." నా పనితనం మీద మాట పడిందని రోషమొచ్చింది. డిస్కు వేశాను. వినాయకుడి బొమ్మ వచ్చింది, సన్నాయి మొదలైంది, బాపు స్టూలు లాక్కుంటున్నాడు. నేను ఠక్కున ఆపి డిస్కు బయటికి తీశాను. "మంచిగనే ఉంది బాపు. మీ ఇంట్ల ప్లేయరే ఖరాబైనట్టుంది, చూపించుకో." ఆయన స్టూలును తీసిన చోటే పెట్టి, "గట్లనా, చూపిస్త తియ్" అని వెళ్లిపోయాడు.

ఆయన మళ్లీ రాలేదు. చాలా రోజులకు ఆయన బిడ్డ ఫోటో దిగడానికి వచ్చింది, తెరమీద చూసీ చూసీ ఇట్టే గుర్తుపట్టాను. "ప్లేయర్ బాగైందా అక్కా?" అని అడిగాను. "మాకు ప్లేయర్ ఏడున్నదన్న? పక్కింట్ల పెట్టిస్తమంటె బాపు వద్దన్నడు. నలుగుర్ల ఏడుస్తనని సిగ్గు. పెట్టెల బట్టల నడుమ దాసుకున్నడు." బాపును తోలుకురమ్మని, ఇక్కడే మొత్తం చూపిస్తానని బతిమాలాను. "ఎన్నిసార్లు చెప్పిన. రాడట. షాపోల్ల పని ఖరాబు చేసుడెందుకంటడు" అంది.

ఇప్పుడు భూపాలపల్లిలో నా ముందున్న ల్యాప్‌టాప్‌కు డిస్కు పెట్టే చోటే లేదు. ఏదైనా తొంభై తొమ్మిది దగ్గర ఆగితే ఆఫీసు పిల్లలు విసుక్కుంటారు, నేను మాత్రం వెనక ఎవరైనా స్టూలు లాగారేమోనని తిరిగి చూస్తాను. ఆ సాఫ్ట్‌వేర్‌ను అంత శుభ్రంగా ఎందుకు తీసేశావురా అని ఆ స్టూడియో కుర్రాణ్ని, అప్పటి నన్నే, అడగాలనిపిస్తుంది. వాడేమంటాడో కూడా తెలుసు. ఛాతీ విరుచుకుని, "వంద శాతం" అంటాడు.