మాలలో ఉన్న తమ్ముడు

మొన్నీమధ్య మా ఆడపడుచు కొడుకును గుంటూరులో మానసిక వైద్యురాలికి చూపించడానికి నేనూ తోడు వెళ్లాను. కుర్రాడికి ముప్పై దాటలేదు, తాగుడు ముదిరింది. ఎన్నాళ్లనుంచి తాగుతున్నాడు, ఎంత తాగుతాడు అని అడుగుతారనుకుని మా ఆడపడుచు జవాబులన్నీ సిద్ధం చేసుకుని కూర్చుంటే, ఆ డాక్టరమ్మ కలం పక్కన పెట్టి, "తాగుడు మొదలవక ముందు ఎలా ఉండేవాడమ్మా?" అంది. మా ఆడపడుచు తెల్లబోయింది. నాకు మాత్రం, ఎవరూ నన్ను అడగకపోయినా, ఇరవై ఏళ్ల కిందట పోయిన మా తమ్ముడి గురించి చెప్పాల్సినవన్నీ గొంతుదాకా వచ్చాయి.

మా పుట్టిల్లు ప్రత్తిపాడు దగ్గర. పత్తీ మిరపా పండించుకునే ఇల్లు. తమ్ముడు నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. వాడికి ప్రేమ వచ్చినా పట్టలేం, కోపం వచ్చినా పట్టలేం. పొద్దున ఎవణ్ణో ప్రాణస్నేహితుడని ఇంటికి తెచ్చి తన కొత్త చొక్కా తొడిగి పంపేవాడు; సాయంత్రానికి ఆ పిల్లవాడు ఇంకొకరితో ఆటకు వెళ్లాడని అదే చొక్కాను నడివీధిలో చింపి వచ్చేవాడు. నేను పెళ్లయి పెదకాకాని కాపురానికి వెళ్లిన రోజున బస్సు వెనకాలే ఊరి చివరిదాకా పరుగెత్తాడు, ఆ తర్వాత మూడు నెలలు నాతో మాట్లాడలేదు. నేను రాసిన ఉత్తరాన్ని చదవకుండానే పొయ్యిలో పెట్టి, మళ్లీ ఆ పొయ్యి ముందే కూర్చుని ఏడ్చాడట. అమ్మ దాన్ని ప్రేమ అంది, నాన్న పొగరన్నాడు, నేనైతే, సిగ్గు విడిచి చెబుతున్నాను, లోలోపల మురిసిపోయాను. మనుషులు తనను వదిలేసి పోతారన్న భయం అదని మాలో ఒక్కరికీ తోచలేదు.

తొంభైల చివర్లో పత్తికి పచ్చపురుగు పట్టి ఊరంతా కుదేలైన రోజుల్లో వాడు తాగడం మొదలుపెట్టాడు గనక, పంట పోయిన దిగులుతో తాగుతున్నాడనుకున్నాం. మరుసటేడు మిరప విరగకాసింది. అయినా తాగాడు. అప్పుడైనా మాకు బుద్ధి రావలసింది. తాగితే లోపలి గోల కాసేపు ఆగుద్దక్కా అని ఒకసారి నాతో అన్నాడు కూడా. తాగేవాళ్లకు సాకులు కరువా అనుకున్నాను.

అప్పట్లో మా వైపు తాగుడుకు అందరికీ తెలిసిన మందు ఒకటే, అయ్యప్ప మాల వేయించడం. నల్లబట్టలు, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, కటిక నేల మీద పడక, నలభై ఒక్క రోజులు చుక్క ముట్టకూడదు. మాలలో ఉన్నవాణ్ణి ఊరంతా స్వామీ అనే పిలవాలి, కన్నతల్లితో సహా. అతను ఆడవాళ్లందరినీ మాతా అనాలి, తోబుట్టువైనా సరే. వాడికి వరసగా మూడేళ్లు వేయించాం. మూడేళ్లూ ఆ నలభై ఒక్క రోజులు నిష్ఠగానే ఉన్నాడు, మాల తీసిన రోజే మళ్లీ తాగాడు. తాగలేదంటే బాగున్నట్టేనని మేమనుకునేవాళ్లం గానీ, నిజానికి వాడు మాలలో ఉన్నప్పుడే ఎక్కువ నలిగిపోయేవాడు. భజనలో వెక్కివెక్కి ఏడిస్తే స్వామివారి కటాక్షమని గురుస్వామి సంతోషించాడు. తిండి మాని పత్తిచేను గట్టు మీద ఇటూ అటూ తిరుగుతుంటే భక్తి అన్నారు. ముంజేతి మీద తనే చేసుకున్న గాయాలు నా కంటపడితే చొక్కా చేతులు కిందికి లాక్కున్నాడు. నేనూ చూడనట్టే ఊరుకున్నాను.

మూడో ఏడు, పత్తి తీతలు జోరుగా సాగుతున్నాయి, ఇంకో వారంలో కొండకు ప్రయాణం. నేను చూడ్డానికి వెళ్తే వసారాలో నా పక్కన వచ్చి కూర్చుని, "అక్కా, మాల తీశాక నేనేమైపోతాను? నువ్వు గూడా నన్నొదిలేస్తావా?" అన్నాడు. అవతల గురుస్వామీ, నలుగురు స్వాములూ కూర్చుని ఉన్నారు. వాళ్లు వింటారేమోనని నాకు కంగారు. "తప్పు స్వామీ, మాలలో ఉండి అట్టా మాట్లాడకూడదు, మాతా అనాలి" అన్నాను. వాడు చేతులు జోడించి, "తప్పయింది మాతా" అని లేచి వెళ్లిపోయాడు. ఆ ఎండాకాలంలో, కల్లంలో మిరపకాయలు ఎండుతుండగా, కాలేయం చెడి చనిపోయాడు. ముప్పై నాలుగేళ్లు.

మొన్న గుంటూరులో, కొందరికి చిన్నప్పటినుంచీ ఉన్న స్వభావమే జబ్బులా బాధిస్తుందనీ, దాన్ని వ్యక్తిత్వ రుగ్మత అంటారనీ, ఆ బాధ ఓర్చుకోలేక తాగుడు పట్టుకునేవాళ్లు ఎందరో ఉన్నారనీ, ఉత్త తాగుడు మాన్పిస్తే సరిపోదు, రెంటికీ కలిపి వైద్యం చెయ్యాలనీ డాక్టరమ్మ మా ఆడపడుచుకు ఓపిగ్గా చెప్పింది. మీవాడిది అవునో కాదో నాలుగైదుసార్లు మాట్లాడితేగాని చెప్పలేనని కూడా అంది. నేను మాలను తప్పుపట్టను, దానితో బాగుపడ్డవాళ్లనూ చూశాను. గుంటూరు అప్పుడూ మాకు గంట ప్రయాణమే. వాణ్ణి తీసుకెళ్లనిది దూరమై కాదు, వెళ్లి ఏం చెప్పాలో తెలియక. ఇప్పుడు అడిగేవాళ్లు వచ్చారు, చెప్పడానికి నా దగ్గర బోలెడుంది, వాడే లేడు.

ఆ రోజు వసారాలో వాడు నియమం తప్పి మరీ నన్ను అక్కా అని పిలిచాడు. తమ్ముడూ అని పలకాల్సిందాన్ని, నేను స్వామీ అన్నాను.