ఆడగాలి తగలని తుపాకి

మా నాయన వడ్రంగి. మార్కాపురం పలకల గనులకు సుత్తిపిడులు, నల్లమల అంచు ఊళ్ళకు తుపాకి కొయ్యలు చేసేవాడు. కొయ్య చీలకుండా కొసన గాడి తొలిచి, చుట్టూ కాగితం చుట్టి, బంకమట్టి అద్ది, అందులో కరిగిన సత్తు, అంటే తగరం, పోస్తారు. చల్లారినాక కొయ్య కొసకు తొడిగిన వెండి పొన్ను మాదిరి మెరుస్తుంది.

చలిజ్వరాలు పట్టినాక నాయన చేతులు వణికేవి. అప్పటినుంచి సత్తు పోసేది మా అమ్మే. ఎండు చీపురుపుల్ల ముంచి చూసేది. పుల్ల మండితే వేడెక్కువ, రంగు మారకుంటే తక్కువ, గోధుమరంగుకు తిరిగితే సరి. ఈ సంగతి మేము గడప దాటనియ్యలేదు. ఆడది ముట్టుకుంటే తుపాకి గురి తప్పుతుందని మగవాళ్ళ నమ్మకం. అంతకుముందు ఆ తుపాకులు గురి తప్పనట్టు.

ఒకనాడు ఊరి మునసబు తన తుపాకి తెచ్చినాడు. మూడోనాడు తెల్లదొర వేటకొస్తాడు, ఆలోపల కొత్త పొన్ను కావాల. నాయన తుపాకుల పనికి ఈయన మాటే దిక్కు. తాలూకా కచేరీకి ఒక్క ముక్క రాసినాడంటే మా పొయ్యిలో పిల్లి లేవదు. రాత వచ్చినవాళ్ళంటే అప్పట్లో మాకు అంత భయం. నేను అక్షరాలు దిద్దింది మనవలు పుట్టినాకే.

తుపాకి ఇచ్చిపోతే మాకు ఏ బాధా లేదు. ఆయన మంచం వేయించుకుని కూర్చున్నాడు.

"నా కళ్ళ ముందరే పొయ్యాల. ఆడగాలి తగలగూడదు," అన్నాడు. అది చాలక చెంబుతో పసుపునీళ్ళు తెప్పించి, గాడి నిండా చల్లి శుద్ధి చేసినాడు.

అమ్మ తలుపు చాటునుంచి, "ఏమయ్యా, గాడిలో తడి ఉంది. సత్తు చిమ్ముతాది. రేపటిదాకా ఆరనియ్యి," అంది.

నాయన గరిటె కింద పెట్టినాడు. "రేపు పోస్తా అయ్యా."

"పెండ్లాం మాట వినేవాడివి, నువ్వేం వడ్రంగివి? ఇట్లియ్యి."

ఆయనే పోసినాడు. తడి తగలగానే సత్తు బుస్సున పైకి ఎగిరింది. దేవుడు ఆయన కళ్ళు కాపాడినాడు. కుడిమీసాన్ని మాత్రం సత్తుకే వదిలేసినాడు.

ఆయన మూతికి తువాలు అడ్డం పెట్టుకుని లేచినాడు. "ఎల్లుండి పొద్దునకు తుపాకి నా ఇంట్లో ఉండాల. గురి తప్పిందో, నీ పని సరి," అని పోయినాడు.

మరునాడంతా కొయ్యను ఎండబెట్టి, పొద్దు వాలేటప్పుడు అమ్మ సత్తు పోసింది. కాగితం జారకుండా నేను పట్టుకున్నా. అంటే ఒక ఆడగాలి కాదు, రెండు.

వేటనాడు మా ఇంట్లో ఎవరమూ కూడు తినలేదు. సాయంత్రానికి మునసబే వచ్చినాడు, ఎడమమీసం కూడా గొరిగించుకుని. అన్నేండ్లూ గాలినే కొట్టిన ఆ తుపాకి అడవిపందిని కొట్టిందంట.

"చూసినావా? ఆడగాలి తగలనియ్యకుండా దగ్గరుండి చేయించినా గదా," అన్నాడు. నాయన తల ఊపినాడు.

ఆ వారంలో ఆరు తుపాకులు వచ్చినాయి. అమ్మ వాటిని గోడకు ఆనించి, "ఇచ్చిపొమ్మని చెప్పు అందరికీ. కూర్చుంటే మీసాలకు పూచీ లేదు," అంది.