అవ్వకందని స్విచ్చి

ఈ సంగతి ఇన్నాళ్లు రాయలేదు, నాకు రాత రాదు గనక. డెబ్బై దాటినాక మనవరాలు అక్షరాలు దిద్దించింది. నిన్న మా ఇంట్లో కరెంటు పనిచేసే మనిషి స్విచ్చి కోసం గోడమీద సుద్దగీత గీస్తుంటే మా అవ్వ తలపుకొచ్చింది.

చిత్తూరులో మా ఇంటికి కరెంటు వచ్చేనాటికి నాకు ఏడేళ్లు. అప్పటిదాకా సందెవేళ లాంతరు వెలిగించడం అవ్వ పని. నడుము వంగిపోయిన అవ్వ గోడ పక్కన నిలబడి, "స్విచ్చి నా చెయ్యందే కాడ పెట్టప్పా" అన్నది కరెంటాయనతో.

"నీ ఎత్తుకు పెడితే మేమంతా వంగి నొక్కాల" అని నాయన నవ్వినాడు.

స్విచ్చిని ఎంత కిందికి పెడితే కరెంటు నీళ్ల మాదిరి అంత కిందికి కారి వస్తుందని నా భయం. "అవ్వ మీద పడతాది నాయనా, పైన పెట్టించు" అని ఏడ్చినాను. నాయన తన తల ఎత్తున పెట్టించినాడు.

ఆ సందెవేళ అవ్వ చెయ్యి చాపింది, అందలేదు. నాయన వచ్చి నొక్కినాక బల్బుకు దండం పెట్టి, "ఇంగ నాకేం పనుండాది ఈడ" అన్నది. తమాషాకు అన్నదనుకున్నాను. ఆమె పనిని నేనే తీసేసినానని తెలిసేసరికి ఆమె లేదు.

మరుసటి పొద్దున అవ్వ లాంతరు గాజును బూడిదతో తుడిచి, పాత చీర పేలికలో చుట్టి నా చేతికిచ్చింది. నేను సంతోషంగా నిచ్చెనెక్కి దాన్ని అటకమీద పెట్టినాను.