రికార్డింగు పిన్ని పెట్టె

మా కుట్టు యూనిట్లో ఆవిడను సూపర్‌వైజరని ఎవరూ పిలవరు. అందరికీ రికార్డింగు పిన్ని. మెట్ల కింద గదిలో టీవీ ఎదుట ఇనుప కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. తెర మీద నాలుగు గళ్ళలో కెమెరాలు చూపించే కటింగు బల్ల, మిషన్ల వరసలు, ఇస్త్రీ మూల, గేటు. కత్తెర పోయినా, కండెలు తారుమారైనా తీర్పు ఆ గదిలోనే. అనుమానం ఉన్నవాళ్ళను లోపలికి పిలిచి, "నువ్వే చెప్తావా, నన్ను చూడమంటావా?" అంటుంది. సగం మంది అక్కడే నీళ్ళు నమిలి ఒప్పేసుకుంటారు. మిగతావాళ్ళ కోసం తలుపేసుకుని, కాసేపటికి బయటికొచ్చి, "వీళ్ళు కాదు, కళ్ళారా చూశాను" అంటుంది. ఆ మాట మీద ఓనరుగారు కూడా నోరెత్తరు.

నేనిక్కడ ఉన్నది ఆ మాట వల్లే. చేరిన కొత్తలో చొక్కాల మూట ఒకటి మాయమైంది. ఆ సాయంత్రం చివరగా బయటికెళ్ళింది నేనే. పోలీసుల్ని పిలుస్తానని ఓనరుగారు ఫోను తీశారు. పిన్ని లోపలికెళ్ళి వచ్చి, "ఈ పిల్ల వట్టి చేతుల్తో వెళ్ళింది. కళ్ళారా చూశాను" అంది. ఫోను తిరిగి జేబులోకి పోయింది. అప్పట్నుంచి ఎవరైనా ఆ ఊసెత్తితే, "నాకు కెమెరానే సాక్ష్యం" అని మొహం మీదే అనేదాన్ని. పిన్ని చూసింది, చూసింది చెప్పింది, అందులో గొప్పేముందని నా లెక్క.

మొన్న ఓనరుగారు పెద్ద హార్డ్‌డిస్కు కొనిపించారు. నెల రోజుల రికార్డింగు నిలవాలట. బిగించడానికి మెకానిక్ వచ్చాడు. టార్చి పట్టుకోమని నన్ను పంపారు.

"ఇప్పుడున్నది బాగానే ఉంది కదా నాయనా, వద్దులే" అని పిన్ని ఒకటే గొణుగుడు. అతను వినిపించుకోలేదు. టీవీ పక్కనున్న రికార్డింగు పెట్టె వైర్లు పీకి, మరలు విప్పి, మూత ఎత్తాడు.

లోపల ఓ పచ్చ బోర్డు, బోలెడంత దుమ్ము. డిస్కు ఉండాల్సిన చోట ఖాళీ. దానికి తగిలించే తీగ కొసన ప్లాస్టిక్ తొడుగైనా తీయలేదు.

"ఇందులో డిస్కు ఎప్పుడూ లేదు" అన్నాడు మెకానిక్. "తెర మీద బొమ్మ వస్తుందంతే. ఒక్క నిమిషం కూడా దాచుకోదు."

నా చేతిలోంచి టార్చి జారి అతని కాలి మీద పడింది. అతను కుయ్యోమన్నాడు గానీ, నాకు వినపడితే కదా! ఇన్నేళ్ళుగా నేను చూపించుకు తిరిగిన సాక్ష్యం ఎక్కడా లేదు. అసలు పుట్టనే లేదు.

"పిన్నీ, మరి ఆ మూట రోజు?"

"పెట్టె బిగించినవాడు డిస్కు రేపు తెస్తానని పోయాడు, మళ్ళీ రాలేదు. చెబుదామనుకునేలోపే మీరంతా కెమెరాకు భయపడి బుద్ధిగా ఉండటం మొదలెట్టారు. ఒప్పుకోనివాళ్ళెవరినీ నేను తప్పు పట్టలేదే, కావాలంటే గుర్తు తెచ్చుకో."

"నా సంగతి చెప్పండి. మీరు చూడలేదు."

"చూడలేదు."

"నేనే దొంగనై ఉంటే?"

"నీతోపాటు నన్నూ గెంటేసేవాళ్ళు. తలుపేసుకుని అదే ఆలోచించాను." పిన్ని కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది. "నీ మొహం చూస్తే తీసినదానిలా అనిపించలేదు. అంతకుమించి నా దగ్గర ఏమీ లేదు."

కోపమొచ్చిందా, ఏడుపొచ్చిందా అంటే చెప్పలేను. ఇంట్లో ఆవిడ సంపాదనే ఆధారం. పరాయి పిల్ల కోసం దాన్ని పణంగా పెట్టి, ఏమీ ఎరగనట్టు ఇన్నేళ్ళూ నా ఎదురుగానే కూర్చుంది.

ఈలోపు మెకానిక్ కొత్త డిస్కు బిగించి, మరలు పెదాల మధ్య పెట్టుకుని మూత వేస్తున్నాడు. గుమ్మంలో ఓనరుగారు.

"పాత రికార్డింగులన్నీ కొత్తదాంట్లోకి ఎక్కాయా?"

పిన్ని మొహంలో నెత్తురు చుక్క లేదు. మెకానిక్ పెదాల మధ్యనుంచి మరలు తీయబోయాడు.

"ఎక్కలేదండీ" అన్నాను నేను. "పాత డిస్కు పాడైపోయింది."

"ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పడమేంటండీ, కళ్ళారా చూశాను."

ఓనరుగారు నా మొహంలోకి కాసేపు చూసి, సరేనని తలూపి, మెట్లెక్కి వెళ్ళిపోయారు.