నిన్నటి నర్సు

మా మరదలు నర్సు. చేసేది సర్కారు ఆసుపత్రుల్లోనే, కానీ సర్కారు మనిషి కాదు, ఏజెన్సీ మనిషి. పొద్దున్నే జడ వేసుకుని, క్యారియర్ పక్కన పెట్టుకుని మంచం అంచున కూర్చుంటుంది. ఏజెన్సీ వాడు ఫోన్ చేస్తే తప్ప ఆరోజు ఏ ఆసుపత్రో, ఏ వార్డో తెలియదు. ఇవాళ కాన్పుల వార్డు, రేపు ఎముకల వార్డు. రానంటే మర్నాటి నుంచి ఫోనే రాదు. ఆమె పేరు చెప్పి సర్కారు ఏజెన్సీకి కట్టే డబ్బుతో ఇద్దరు సొంత నర్సుల్ని పెట్టుకోవచ్చట. అందులో ఆమె చేతికొచ్చేది ఎంతో అడక్కండి, నాకు ఒళ్ళు మండుతుంది.

ఆమె మొగుడు, అంటే నా తమ్ముడు, ఒట్టి వాగుడుకాయ. వీధిలో అందరూ రేడియో అనేవారు. పళ్ళు తోముకుంటూ కూడా మాట్లాడేవాడు. షుగరుతో కాలికి పుండు పడితే ఆసుపత్రిలో చేర్చాం. మర్నాటికల్లా వార్డులో అందరి కాపురాల సంగతులూ వాడి నోట్లో ఉన్నాయి.

మరదలు ఏజెన్సీ వాణ్ణి నా ఎదురుగానే ఫోన్లో బతిమాలింది.

"సార్, కొన్నాళ్ళు మా ఆయన ఉన్న వార్డులోనే వెయ్యండి. ఎలాగూ అక్కడికి రోజూ ఎవరో ఒకరిని పంపుతున్నారుగా!"

"అడిగినచోట వెయ్యడానికి ఇదేమన్నా మీ పుట్టిల్లా అమ్మా?" అన్నాడు ఆ మహానుభావుడు.

చేసేదేముంది? రోజూ డ్యూటీకి ముందే పరుగెత్తి, ఆరోజు వచ్చిన కొత్త నర్సుకి మొగుడి సంగతంతా మొదట్నుంచీ చెప్పి వెళ్ళేది. ఒకరోజు మాత్రం ఆమెని ఊరికి ఆ చివరన ఉన్న ఆసుపత్రికి తోలారు. మొగుడి దగ్గరికి వెళ్ళలేకపోయింది.

సాయంత్రం తప్ప మమ్మల్ని లోపలికి రానివ్వరు. నేను వెళ్ళేసరికి తమ్ముడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. స్టూలు మీద పొద్దుటి టిఫిను, మధ్యాహ్నం భోజనం ముట్టకుండా ఉన్నాయి.

"ఏమ్మా, వీడు పొద్దుట్నుంచీ మాట్లాడలేదా?" అని అక్కడున్న కొత్త నర్సు పిల్లని అడిగాను.

"లేదాంటీ. చాలా నెమ్మదస్తులు. అస్సలు విసిగించలేదు" అంది ఆ పిల్ల మెచ్చుకోలుగా.

నెమ్మదస్తుడా! నా తమ్ముడా! పట్టుకుని కుదిపాను. వాడి ఒళ్ళంతా చల్లటి చెమట. పొద్దున్నే ఇన్సులిన్ వేసినావిడ డ్యూటీ దిగి వెళ్ళిపోయింది. తర్వాత వచ్చిన ఈ పిల్ల, లేచాక తింటాడులే అనుకుంది. పక్క మంచాలవాళ్ళు, పాపం పడుకోనిద్దాం అనుకున్నారట. ఇన్సులిన్ పడ్డాక ఏమీ తినక షుగరు పూర్తిగా పడిపోయిందంటూ డాక్టర్లు పరుగెత్తుకొచ్చారు, ఏవేవో ఎక్కించారు. వాడు మళ్ళీ నోరు విప్పలేదు. చీకటి పడేలోపే పోయాడు.

మరదలు యూనిఫాంలోనే వచ్చింది. మొగుడి చెయ్యి పట్టుకుని కూర్చుంది. నేను ఏడుస్తూనే ఆ పిల్ల మీదికి లేచాను. తను నన్ను ఆపి ఆ పిల్లని అడిగింది.

"నిన్న ఈ వార్డులో ఉన్నావా?"

"లేదక్కా. నిన్న కళ్ళ వార్డు. ఇవాళే ఇటు పంపారు" అని ఆ పిల్ల బావురుమంది.

"దాన్నేమీ అనకండి వదినా. తిట్టాలన్నా నిన్నటి మనిషి ఉండాలి కదా. నిన్న ఆయన్ని చూసిన నర్సుకే కదా ఇవాళ్టి తేడా తెలిసేది. నేనూ ఇవాళ అక్కడ ఒక ముసలాయన పొద్దస్తమానం పడుకునుంటే, ఆయన తీరే అంతేమో అని దుప్పటి కప్పి వచ్చా..."

మాట సగంలోనే ఫోన్ తీసింది. ఆ వార్డుకి చేసింది.

అవతల ఎవరో కొత్త గొంతు. "ఏ ముసలాయనండీ? నేనిప్పుడే వచ్చాను" అంది.