దావీదు మాస్టారి వరస

దావీదు మాస్టారికి ఉన్న అవలక్షణం ఒక్కటే: ఆయన దేన్నీ మధ్యలో అందుకోలేరు. ఏ పనికైనా ఒక వరస ఉంటుందనీ, ఆ వరసలో ఒక మెట్టు జారితే మిగిలిన మెట్లేవీ చెల్లవనీ, చెల్లని మెట్ల మీద నిలబడటంకన్నా కిందికి దిగి మళ్ళీ మొదటినుంచి ఎక్కడమే న్యాయమనీ ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని ఆయన రెండే మాటల్లో ప్రకటించేవారు: "వరస తప్పింది!" ఆ కేక వినబడిందంటే, యానాంలో ఎక్కడో ఒక పని మొదటికి వచ్చిందని అర్థం.

ఈ జబ్బు ఆయనకు విల్లు వల్ల అంటింది. వయసులో ఉండగా రంపచోడవరం పైన కొండల్లో మిషన్ బడిలో పనిచేశారు. అక్కడి కొండరెడ్లు ఆయనకు వెదురు విల్లు పట్టడం నేర్పారు. పిల్లలకు ఎక్కాలు నేర్పి, పెద్దల దగ్గర బాణం నేర్చుకుని, ఉద్యోగ విరమణ చేసి యానాంలో ఫరంపేట వచ్చేసరికి ఆయన దగ్గర మిగిలినవి ఒక విల్లూ, ఒక వరసా, ఆ రెంటినీ భరించే భార్య సువార్తమ్మగారూ.

బాణం వేసే వరస ఇది. చెప్పులు విడవాలి. కాళ్ళు ఎడం చేసి నేలను పట్టుకోవాలి. అల్లెతాడు చొక్కాజేబుకు తగులుకోకుండా జేబు బొత్తం పెట్టుకోవాలి. బాణాన్ని తాడుకు ఎక్కించాలి. ఒక ఊపిరి పీల్చి వదలాలి. తాడును పెదవి మూలదాకా లాగి, అక్కడ ఆగాలి. వేళ్ళను వదలకూడదు, వాటంతటవే వదులయ్యేలా చూసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, బాణం వెళ్ళి తగిలేదాకా విల్లు దించకూడదు. వినడానికి సులువే. అయితే ఈ లోపల కాకి అరిచినా, గోదావరి దాటించే పంటు కూత పెట్టినా, దారిన పోయేవాడు "బాగున్నారా మాస్టారూ" అన్నా అంతే సంగతులు. బాణం అమ్ములపొదిలోకీ, కాళ్ళు చెప్పుల్లోకీ వెళ్ళిపోయేవి. యానాంలో కాకులకు కరువు లేదు. మర్యాదస్థులకు అసలే లేదు. అందుచేత ఆయన విల్లు ఎత్తగా చూసినవాళ్ళు వేలమంది, బాణం వదలగా చూసినవాళ్ళు వేళ్ళమీద లెక్కకు వస్తారు.

పాస్టరు ప్రకాశరావుగారు ఒకసారి అననే అన్నారు: "వడిసెల తిప్పిన ఆ దావీదుకి మన దావీదు వరస గనక ఉంటే, గొల్యాతు ముసిలోడై మంచంమీద పోయేవాడండి!"

ఈ వరస విల్లుతో ఆగి ఉంటే ఊరు క్షమించేది. అది ఇంట్లోకి వచ్చింది. భోజనానికి ముందు ప్రార్థన మధ్యలో పిల్లి మ్యావుమంటే ప్రార్థన మొదటికి. "మా ఇంట్లో వేడన్నం తిన్నది ఆ పిల్లొక్కతేనమ్మా," అనేవారు సువార్తమ్మగారు. ఇంటికి తాళం వేస్తుండగా ఎవరైనా పలకరిస్తే, తాళం తీసి, లోపలికి వెళ్ళి, కిటికీలు తెరిచి, మళ్ళీ మూసి, బయటికి వచ్చి, మళ్ళీ తాళం వేసేవారు. ఈ క్రమంలో ఆయన ఎక్కలేకపోయిన పంటుల సంఖ్య ఎక్కినవాటికన్నా ఎక్కువ.

ఆ వరసకు బలైనవాటిలో అగ్రగణ్యం కనకాలపేట పెళ్ళి. ఎదుర్లంకనుంచి గోదావరి దాటి వచ్చిన పెళ్ళికొడుకు, గుడినిండా బంధువులు, వాకిట్లో తొంగిచూస్తున్న ఇరుగుపొరుగులు. పాస్టరుగారు గొంతు సవరించుకుని, "ఈ వివాహమునకు అభ్యంతరము ఎవరికైనను ఉన్నయెడల ఇప్పుడే చెప్పవలెను," అన్నారు. అందరూ తలలు వంచుకున్నారు. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో నాలుగో బల్లమీంచి మాస్టారు లేచారు.

"వరస తప్పింది!"

పెళ్ళిలో ఆ మాటకు ఉన్న అర్థం వేరు. పెళ్ళికూతురి తల్లి మార్తమ్మ బల్లమీదే వాలిపోయింది. పెళ్ళికూతురు పెళ్ళికొడుకుకు దూరంగా జరిగింది. పెళ్ళికొడుకు తమ్ముడు వాకిట్లో ఉన్నవాళ్ళను గెంటుకుంటూ రేవువైపు పరుగు తీశాడు. వంటలు ఆపించమని కబురు చెప్పడానికే అనుకున్నారు అందరూ.

"ఏ వరసండీ? ఏవవుతారు ఇద్దరూ?" అంటూ సంఘపెద్దలు చుట్టుముట్టారు. "అన్నాచెల్లెళ్ళా? బాబాయికూతురా? మారుమనువు పిల్లా? నోరిప్పండి మాస్టారూ!"

"వాళ్ళకేవండీ, లక్షణంగా ఉన్నారు," అన్నారు మాస్టారు. "కీర్తన అయ్యాక కదండీ అభ్యంతరం అడగాలి? మీరు చివరి చరణం మింగేసి అడిగేశారు. మొదట్నుంచి పాడాలి."

మార్తమ్మ ముఖాన నీళ్ళు చల్లారు. పాస్టరుగారు పళ్ళు కొరుక్కుంటూ కీర్తన ఎత్తుకున్నారు. అన్ని చరణాలూ పాడారు. పెళ్ళి జరిగింది. ఆ తరువాత యానాంలో ఎవరింట పెళ్ళయినా శుభలేఖ ఇచ్చేటప్పుడు మాస్టారి చేత ఒట్టు వేయించుకునేవారు.

ఇటువంటి మాస్టారి దగ్గరకు, ఇటువంటి మాస్టారని తెలిసి తెలిసీ, విద్య నేర్చుకోవడానికి వచ్చినవాడు బుల్లబ్బాయి. వలవేసే కుర్రాడు. బలానికి లోటు లేదు, ఓర్పుకే లోటు. అతను రావడానికి కారణం ఒక గొడుగు.

అంతకుముందు ఏడాది, అంటే ఎనభై నాలుగులో, ఆగస్టు క్రీడల్లో విలువిద్య పందెం పెట్టారు. పాతిన అరటి బోదె మీద సున్నంతో గుండ్రంగా చుట్ట గీసి, మనిషికి ఒక్క బాణం. ఎండలో పిల్లలను నిలబెట్టి ఆలస్యంగా వచ్చిన ముఖ్య అతిథి బోదెకు పక్కగా కూర్చున్నాడు. ఆయన నెత్తిన నీడ ఉండాలి గనుక ఒక జవాను గొడుగు పట్టి నిలుచున్నాడు. జవాను నెత్తిన నీడ ఉండాలని ఏ ప్రభుత్వ ఉత్తర్వులోనూ లేదు గనుక అతను ఎండలో ఉన్నాడు. బుల్లబ్బాయి తాడు చొక్కాజేబుకు తగులుకుంది. బాణం బోదెను వదిలి గొడుగును వరించింది. ముఖ్య అతిథి తలవెంట్రుక ఒక్కటి కదలలేదు, కదలడానికి ఉన్నవీ తక్కువే. మర్నాడు మెమో వచ్చింది. బాణం వేసినవాడికి కాదు, గొడుగు పట్టినవాడికి: ప్రభుత్వపు గొడుగును అజాగ్రత్తగా పట్టుకున్నందుకు.

నాటినుంచి అతను గొడుగు బుల్లబ్బాయి. వాన వస్తే పిలిచేవాళ్ళు, ఎండ కాస్తే పిలిచేవాళ్ళు. అదంతా అతను ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది మేనమామ పెదబాబు మాట. పెదబాబు కూతురు వెంకటలక్ష్మి అతనికి వరసైన పిల్ల. చిన్నప్పటినుంచీ అనుకున్న సంబంధం.

"పిల్లనివ్వనని కాదల్లుడూ," అన్నాడు పెదబాబు. "కానీ రేపు దాన్ని ఊళ్ళోవాళ్ళు 'గొడుగుగారి పెళ్ళాం' అంటే నేనెక్కడ తల పెట్టుకోను? మళ్ళీ పందెంలో దిగి ఆ పేరు మాపుకో. బోదెకి తగిలించు చాలు. మర్నాడే ముహూర్తం పెట్టిస్తాను."

"తగలకపోతేనో మావయ్యా?"

"వానాకాలం పోయేదాకా మాటెత్తకు."

ఏ వానాకాలమో అతను చెప్పలేదు.

బుల్లబ్బాయి ఫరంపేట గోదావరి గట్టున మాస్టారి ముందు నిలబడ్డాడు. విల్లు ఎత్తాడంటే చాలు, కళ్ళముందు గొడుగు విచ్చుకుంటోంది.

"జేబు బొత్తం," అన్నారు మాస్టారు.

"పెట్టానండి."

"బాణం ఎక్కించాక పెట్టావు. వరస తప్పింది. మొదట్నుంచి."

"ఎప్పుడు పెడితే ఏవండీ, పెట్టాను కదా?"

"తలుపేసుకుని తాళం ఎయ్యడం వేరు, తాళమేసుకుని తలుపెయ్యడం వేరురా అబ్బాయ్."

వేసవి గడిచింది. బాణం వేయనిచ్చింది తక్కువ, చెప్పులు విడిపించింది ఎక్కువ. బుల్లబ్బాయి ఊపిరి తప్పుగా పీల్చినప్పుడల్లా మాస్టారు తన విల్లే దించి, "నా వరస తప్పిందిరా, ఇద్దరం మొదట్నుంచి," అనేవారు. ఈ ముసలాయనకు ఇన్ని పొరపాట్లు ఎలా వస్తాయా అని బుల్లబ్బాయికి ఆశ్చర్యం.

"మాస్టారండీ, తగల్దేమోనని భయంగా ఉందండి," అన్నాడు ఒకనాడు.

"తగలడం బాణం పని. నీ పని వరస. పరాయివాళ్ళ పనిలో నువ్వెందుకు తలదూరుస్తావు?"

ఆగస్టు వచ్చింది. అదే మైదానం, అదే అరటి బోదె, అదే ముఖ్య అతిథి, అదే జవాను, గొడుగు మాత్రం కొత్తది. బుల్లబ్బాయి బరిలోకి రాగానే జవాను అయ్యగారి అనుమతి కోసం ఆగకుండా గొడుగు ముడిచి చంకలో పెట్టుకున్నాడు. జనం ఈలలు వేశారు. పెదబాబు ముందువరసలో, ఆడవాళ్ళ మధ్య వెంకటలక్ష్మి. పందెం పెద్ద క్రీడాసంఘం కార్యదర్శి వీరభద్రరావు. నియమాలు చదివి వినిపించాడు: "మనిషికి ఒకే బాణం. విల్లు ఎత్తాక బాణం నేల రాలినా వేసినట్టే లెక్క."

తొలి బాణం వయసులో పెద్దవారు గనుక మాస్టారిది. జనం నిట్టూర్చి, వేరుశనక్కాయలు కొనుక్కుని, సుఖంగా కూర్చున్నారు. అయితే ఆనాడు వింత జరిగింది. కాకి అరవలేదు. పంటు కూయలేదు. మర్యాదస్థులందరి నోళ్ళలోనూ శనక్కాయలున్నాయి. చెప్పులు, కాళ్ళు, బొత్తం, బాణం, ఊపిరి, పెదవి మూల, అన్నీ ఒకదాని వెనక ఒకటి గోదారిలో నీళ్ళలా సాగాయి. బాణం వెళ్ళి సున్నపుచుట్ట నడిమధ్యన దిగింది. విల్లు ఇంకా గాలిలోనే ఉంది. జనం ఒక్క క్షణం నమ్మలేదు, తరువాత విరగబడి చప్పట్లు కొట్టారు. సువార్తమ్మగారు కళ్ళు ఒత్తుకున్నారు. మాస్టారు జన్మంతా ఎదురుచూసిన బాణం అది.

తరువాత బుల్లబ్బాయి. చెప్పులు విడిచాడు. కాళ్ళు సర్దుకున్నాడు.

"ఒరేయ్, గొడుగు జాగర్తరోయ్!" అని ఎవరో అరిచారు.

మైదానమంతా నవ్వింది. బుల్లబ్బాయి కంగారుగా విల్లు ఎత్తాడు. ఎత్తిన విల్లునుంచి బాణం జారి, అతని కాళ్ళముందే నేలమీద పడింది. నవ్వు రెట్టింపైంది. పెదబాబు తల దించుకున్నాడు. వెంకటలక్ష్మి ముఖం పక్కకు తిప్పుకుంది. వీరభద్రరావు ఈల నోట్లో పెట్టుకున్నాడు.

"వరస తప్పింది!"

అందరూ తిరిగి చూశారు. మాస్టారు బరి మధ్యకు నడిచి వస్తున్నారు.

"ఇప్పుడేం తప్పిందండి మాస్టారూ?" అన్నాడు వీరభద్రరావు ఏడుపుగొంతుతో. "మీ బాణం నడిమధ్యన దిగింది కదండీ!"

"బొత్తం పెట్టకుండా వేసిన బాణం ఎక్కడ దిగితే ఏవండీ? అది చెల్లదు."

"మాకు చెల్లుతుందండి!"

"నాకు చెల్లదు. తొలి బాణం చెల్లకపోతే పందెం మొదలైనట్టా కానట్టా?"

వీరభద్రరావు ఆలోచించాడు. ఆలోచించడమే అతను చేసిన పొరపాటు. "కానట్టే అనుకోండి..."

"మొదలవని పందెంలో రాలిన బాణం ఏ నియమం కింద లెక్కకొస్తుందండీ? మొదట్నుంచి!"

నవ్వు బుల్లబ్బాయిని వదిలి మాస్టారిని పట్టుకుంది. "చేతికొచ్చిన కప్పుని కాలదన్నుకున్నాడ్రా ముసిలాయన!" "బొత్తం కోసం బోదెని వదులుకున్నాడు!" మాస్టారు తొణకలేదు. వెళ్ళి, బాణం పీకి తెచ్చుకుని, చెప్పులు వేసుకుని, మళ్ళీ విడిచారు. ఈసారి కాకులు కరుణించలేదు. మొదటికి వచ్చారు. మళ్ళీ మొదటికి వచ్చారు. ముఖ్య అతిథికి కునుకు పట్టింది. జనంలో సగంమంది టీకొట్టు దారి పట్టారు. చిట్టచివరికి వదిలిన బాణం బోదె అంచును గీరుకుంటూ అవతల పడింది. అప్పటికి చప్పట్లు కొట్టే ఓపిక గానీ, వెక్కిరించే ఓపిక గానీ ఎవరికీ మిగల్లేదు.

ఆ ఓపికలేని నిశ్శబ్దంలో బుల్లబ్బాయి చెప్పులు విడిచాడు. ఎవరూ అరవలేదు. బొత్తం పెట్టుకుని, బాణం ఎక్కించి, ఊపిరి వదిలాడు. తాడు పెదవి మూలకు వచ్చి ఆగింది. బాణం సున్నపుచుట్టలో దిగిన చప్పుడుకు ముఖ్య అతిథి ఉలిక్కిపడి లేచి, "గొడుగేదీ?" అన్నాడు. జవాను చంక చూపించాడు.

ఆ సాయంత్రం మాస్టారి అరుగుమీద సువార్తమ్మగారు టీ ఇచ్చారు. బుల్లబ్బాయి టీ తాగడం లేదు.

"మాస్టారండీ. మీరు తొలి బాణం వేసినప్పుడు మీ వెనకాలే ఉన్నానండి. బొత్తం పెట్టుకోగా చూశాను."

"అలాగా."

"మరి అబద్ధవాడేరేటండీ?"

"ఆ మాటనకు. వరస తప్పిందన్నాను. ఎవరి వరసో చెప్పానా?"

"బొత్తం పెట్టకుండా వేసిన బాణం చెల్లదన్నారు!"

"చెల్లదు. ఇప్పుడైనా చెల్లదు. నా బొత్తం సంగతి వీరభద్రరావు అడిగాడా? అడగనిదానికి సాక్ష్యం చెప్పడం వరస కాదు."

సువార్తమ్మగారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. "ఈయనంతేలే అబ్బాయ్. కనకాలపేట పెళ్ళిలో ఆ పెళ్ళికొడుకు ఉంగరం పెట్టె రేవులో టీకొట్టు దగ్గర మర్చిపోయొచ్చాడు. జేబులన్నీ తడుంకుంటూ చెమటలు కక్కుతున్నాడు పాపం. వాళ్ళ తమ్ముడు పరిగెత్తుకెళ్ళి తెచ్చేదాకా అన్ని చరణాలు పాడకపోతే..."

"సువార్తా!" మాస్టారు గ్లాసు కింద పెట్టారు. "మాటల్లో పడి టీ చల్లార్చేశావు. వరస తప్పింది. మొదట్నుంచి కాచుకు రా."

పెదబాబు మాట నిలబెట్టుకున్నాడు. ఊరు ఊరుకోక అల్లుణ్ణి బోదె బుల్లబ్బాయి అనడం మొదలుపెట్టింది గానీ, "గొడుగుకన్నా నయమే, పెళ్ళిపందిట్లో పనికొచ్చే సరుకు," అని సరిపెట్టుకున్నాడు. శుభలేఖ ఇచ్చేటప్పుడు మాత్రం మాస్టారి చేతులు పట్టుకున్నాడు. "మాది మేనరికం. గట్టి వరసండి బాబూ. ఆ పూటకి ఆ మాటొక్కటీ అనకండి."

మాస్టారు ఒట్టు వేశారు. పెళ్ళిలో కండువా నోటికి అడ్డం పెట్టుకుని చివరి బల్లమీద కూర్చున్నారు. మేళం గట్టిగా మోగింది. మంగళసూత్రం అందుకున్న బుల్లబ్బాయి కళ్ళముందు గొడుగు విచ్చుకుంది. అతను తలెత్తి జనం మీదుగా చూశాడు. చివరి బల్లమీద మాస్టారు ఒట్టు తప్పకుండా, నోరు విప్పకుండా, మెల్లిగా తన జేబు బొత్తం పెట్టుకున్నారు.

బుల్లబ్బాయి కాళ్ళు సర్దుకున్నాడు. ఒక ఊపిరి పీల్చి వదిలాడు. ముడులు వేశాడు. అక్షింతలు పడ్డాయి. అయినా అతని చేతులు వెంకటలక్ష్మి మెడ వెనకే ఉండిపోయాయి.

"అయిపోయింది బావా, చేతులు తియ్యి," అంది ఆమె తల వంచుకునే. "అందరూ చూస్తున్నారు."

"ఉండవే," అన్నాడు బుల్లబ్బాయి. "తగలనీ."